పడుగు మీద పడ్డ రెండో ఎండ

కుప్పమ్మకు కోపం కొత్త కాదు. తిరుత్తణిలో పావడి వీధి ఎక్కడుందో తెలియనివాళ్ళు ఉంటారేమో గానీ, ఆ వీధిలో తిరిగి కుప్పమ్మ గొంతు విననివాళ్ళు ఉండరు. పాలు పలచగా ఉంటే కోపం, మునిసిపాలిటీ కుళాయి రాకపోతే కోపం, మొగుడు పచ్చయ్యప్ప అడిగినదానికి జవాబు చెప్పకుండా నవ్వితే మరీ కోపం. అవన్నీ పూట కోపాలు. అన్నం తినేలోపు చల్లారిపోయేవి. నేను చెప్పబోయే కోపం అలాంటిది కాదు. అది ఆమెకు యాభై దాటాక వచ్చింది, వచ్చి కూర్చుంది, ఇంకా లేవలేదు. లేవాల్సిన అవసరం కూడా లేదని నా అభిప్రాయం.

ఆమె పని గంజి పెట్టడం. బట్ట నేయాలంటే ముందు పడుగు కావాలి. పడుగును ఆ వీధి తెలుగువాళ్ళు కూడా తమిళంలోలాగే పావు అంటారు. మగ్గం ఎక్కే ముందు పావుకు గంజి పట్టాలి. తెల్లవారకముందే దాన్ని వీధి పొడుగునా సాచి, రెండు కొసలా గుంజలకు బిగించి, కింద వెదురు కాళ్ళు పెడతారు. బియ్యపు గంజిలో కాస్త నువ్వులనూనె కలిపి పోగులకు పట్టిస్తారు. ఆ తర్వాత పొడవాటి కుంచె పట్టుకుని చెరో పక్కన ఒకరు, ఒకే నడకగా, ఈ కొస నుంచి ఆ కొసకు, ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తారు. ప్రతి పోగూ విడివిడిగా నిలబడేదాకా ఆ నడక ఆగదు. పావు ఆరాలి, కానీ తొందరపడి ఆరకూడదు. కుంచె పోయే వేగానికే ఆరాలి. ముందే ఆరిందంటే పోగుకు పోగు అతుక్కుంటుంది. విడదీయబోతే పుటుక్కున తెగుతుంది.

అందుకే ఆ వీధిలో నీడ కూడా ఒక పనిముట్టే. పచ్చయ్యప్ప తాతల కాలంలో వీధికి రెండు పక్కలా కానుగ చెట్లు పెట్టారు. ఇంట్లో కొత్త మగ్గం వేసినవాడు వీధిలో ఒక కానుగ మొక్క నాటాలని కట్టడి. ఇంకొక కట్టడి కూడా ఉంది. పావు సాచి ఉండగా ఆ పక్కగా పోయేవాడు ఎవడైనా సరే, తెగిన పోగు కంటబడితే ముడి వేసి పోవాలి. బడికి పోయే పిల్లలు పుస్తకాల సంచి వీపున పెట్టుకునే ముడి వేసేవాళ్ళు. పోస్టుమాను వేసేవాడు. కావడి మోసుకుని కొండ మీద గుడికి పోయే మనిషి కూడా కావడి పక్కవాడికిచ్చి ఒక ముడి వేసి పోవడం కుప్పమ్మ కళ్ళారా చూసింది.

పదహారేళ్ళకు పళ్ళిపట్టు వైపు నుంచి కోడలిగా వచ్చింది ఆమె. మూడో రోజే మామగారు కుంచె చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఆ వీధిలో ఆమె నడిచిన నడకను తిన్నగా వేస్తే కాశీకి పోయి వచ్చేదేమో. ఒకప్పుడు ఇంటింటా మగ్గం ఆడేది. ఒక్కొక్కరే మగ్గం విప్పి గుమ్మిడిపూండి ఫ్యాక్టరీలకు రైలెక్కారు. మిగిలిన కొన్ని ఇళ్ళూ కలిసి ఒకటే పావు వేసుకునే స్థితికి వచ్చాయి. అయినా మిగిలాయి. మిగిలినందుకు కుప్పమ్మకు లోపల గర్వం ఉండేది. దాన్ని కూడా కోపంగానే చూపించేది.

ఇంతలో వీధికి పడమటి పక్క, మూతబడిన బియ్యం మిల్లు ఉన్న జాగాలో, పసుమై టవర్ లేచింది. పసుమై అంటే పచ్చదనం. ఆఫీసులకు అద్దెకిచ్చే మేడ అది. పేరుకు తగ్గట్టు కరెంటు తక్కువ తాగే మేడ అని, పర్యావరణానికి మేలు చేసే మేడ అని రోడ్డు పొడుగునా బోర్డులు పెట్టారు. పనులు మొదలుపెట్టే ముందు ఒక మంచిపని కూడా చేశారు. ఫోటోగ్రాఫరును పంపి వీధిలో పావు వేస్తుంటే ఫోటోలు తీయించారు. స్థానిక కళలను గౌరవిస్తారట. ఆ రోజు కుప్పమ్మ మామిడి పండు రంగు కొత్త చీర కట్టుకుని కుంచె పట్టుకుంది. పచ్చయ్యప్ప ఎదురుగా నిలబడి నవ్వాడు. ఆ ఒక్కరోజు మాత్రం ఆమె అతని నవ్వును తిట్టలేదు.

ఫోటోలు తీసుకుపోయిన వారానికే పడమటి పక్క కానుగ చెట్లు కొట్టేశారు. రోడ్డు మీద పోయేవాళ్ళకు మేడ కనిపించాలి కదా. అడిగితే, కొట్టిన ప్రతి చెట్టుకూ రెండేసి మొక్కలు తిరువళ్ళూరు అవతల వెంగల్ దగ్గర నాటించామన్నారు. వెంగల్‌లో నాటిన మొక్క తిరుత్తణిలో నీడ ఎట్లా ఇస్తుందని అడిగే లోపల వచ్చినవాళ్ళు కారెక్కి పోయారు. చెట్లున్న చోట పచ్చిక పరిచారు, దానికి పొద్దునా సాయంత్రం నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టారు. దాన్నే హరిత వలయం అన్నారు. మేకను కట్టేయడానికి లేదు, మనిషి నిలబడడానికి లేదు, ఏం వలయమో ఏమో.

మేడ ముఖం తూర్పుకు, అంటే వీధి వైపుకు. ఆ ముఖమంతా అద్దమే. మామూలుగా నిటారుగా కట్టినా కొంత నయంగా ఉండేది. చూడ్డానికి అందంగా ఉండాలని పళ్ళెంలా లోపలికి వంచి కట్టారు. పొద్దున లేచిన సూర్యుడు ముందు ఆ అద్దాన్ని చూస్తాడు. అద్దం ఆ ఎండను లోపలికి రానివ్వదు. మొత్తం పోగుచేసి వీధిలో గుమ్మరిస్తుంది. తూర్పు పక్క కానుగలు అసలు సూర్యుణ్ణి ఆపుతూనే ఉన్నాయి పాపం. రెండో ఎండ పడమటి నుంచి వస్తుందని చెట్లకు మాత్రం ఎవరు చెప్పారు?

మొదట్లో వీధి సంబరపడింది. ఉన్నమాట చెప్పాలి కదా. ఆడవాళ్ళు వడియాలు తెచ్చి వీధిలో పెడితే మధ్యాహ్నానికి గలగలలాడాయి. ఉతికిన బట్టలు పిండే లోపలే ఆరిపోయేటట్టున్నాయని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. పావు కూడా గబగబా ఆరుతుంది కాబట్టి కోడికూతకు ముందే లేవాల్సిన బాధ తప్పిందని, కాస్త పొద్దెక్కాకే సాచడం మొదలుపెట్టారు. తరతరాలుగా పావు వేసిన మనుషులు, ఆరడం అంటే ఏమిటో తెలిసిన మనుషులు చేసిన తెలివితక్కువ పని అది. రెండు ఎండలు ఉంటే రెండు పావులు వేయొచ్చునన్నాడు ఒకడు. కుప్పమ్మ కూడా వాడి మాటకు తల ఊపింది.

మగ్గం మీదికెక్కాక తెలిసింది. పోగులు పెళుసెక్కాయి. నాలుగు జానలు నేయగానే ఇక్కడ ఒకటి, అక్కడ రెండు తెగిపోతున్నాయి. నేయడం మానేసి పొద్దస్తమానం ముడులు వేయడమే పని అయింది. బట్టంతా ముడులు. మళ్ళీ చీకటితో లేచారు, గంజి చిక్కగా కాచారు, నూనె పెంచారు. గంజి పట్టించడం అయ్యేసరికి రెండో ఎండ వచ్చి పావు మీద కూర్చునేది. కుంచె సగం దూరం పోయేసరికి మిగతా సగం కట్టె అయిపోయేది.

ఆ వీధి బట్ట కొనే వ్యాపారి ఇంక ఒక్కడే. తిరువళ్ళూరు తిరుమలయ్య. మంచివాడు, కుప్పమ్మ పెళ్ళప్పటినుంచి తెలుసు. ముడుల లుంగీ ఒకటి చేతిలో పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"అక్కా, నేను నిన్ను తప్పు చెప్పలే. వీధిలో గంజి పెట్టిన పావు బట్టే కావాలని అడిగే గిరాకీ నాకు ఇంకా ఉండాది. కానీ ముడులు చూసి తిప్పి పంపించేస్తా ఉండారు. ఇంకొక్క పావు చూస్తా. అదీ ఇట్లనే వచ్చిందంటే మిల్లు పావు బట్టకు మారిపోతా. నన్ను తిట్టుకోవద్దు."

"నిన్నెందుకు తిట్టుకుంటాను తమ్ముడా," అంది కుప్పమ్మ. "తిట్టాల్సినోళ్ళు ఏరే ఉండారు."

ఇంకొక్క పావు. అది చెడితే కుంచె అటక మీదికి, మగ్గం పొయ్యిలోకి, మనుషులు గుమ్మిడిపూండి రైలుకి. వీధిలో అందరికీ తెలిసిన సంగతే గనుక ఎవరూ పైకి అనలేదు. మర్నాడే కుప్పమ్మ ఉతికిన చీర కట్టుకుని పసుమై టవర్ గేటు దగ్గరికి పోయింది. గేటు దగ్గర ఆపితే యశశ్విని పేరు చెప్పింది.

యశశ్విని పక్కింటి పిల్ల. వాళ్ళ నాన్న మగ్గం అమ్మి ఆ పిల్లను తిరువళ్ళూరులో డిప్లొమా చదివించాడు. ఇప్పుడు ఆ మేడలో కరెంటు లెక్కలు చూసే విభాగంలో ఉద్యోగం. ఏ అంతస్తులో ఏసీ ఎంత తాగుతోంది, ఏ లైటు అనవసరంగా వెలుగుతోంది అని కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తుంది. చిన్నప్పుడు బడి యూనిఫారంలో నిలబడి కుప్పమ్మ పావుకు ముడులు వేసిన పిల్లే. ఆమె కిందికి వచ్చి కుప్పమ్మను మేనేజరు గదికి తీసుకుపోయింది.

లోపల చల్లగా ఉంది. మొదట ఆ చల్లదనమే కుప్పమ్మ ఒళ్ళు మండించింది. మేనేజరు పేరు మోహిత్, చెన్నైలో పుట్టిన తెలుగువాడు. చెడ్డవాడైతే బాగుండేది, తిట్టి వచ్చేసేది. లేచి కుర్చీ వేశాడు, నిమ్మరసం తెప్పించాడు, చేతులు కట్టుకుని విన్నాడు. విన్నాక ఎంతో ఓపికగా చెప్పడం మొదలుపెట్టాడు.

"మామూలు బిల్డింగ్‌కి అయ్యే కరెంటులో మాకు సగం కూడా అవ్వదమ్మా. ఎందుకో తెలుసా? ఎండని లోపలికి రానివ్వం. ఆ గ్లాస్ పడిన ఎండని పడినట్టే వెనక్కి పంపేస్తుంది. దాంతో ఏసీ లోడ్ తగ్గుతుంది. దేశానికి ఎంత కరెంటు మిగులుతుందో ఆలోచించండి."

"పంపించేసిన ఎండ యాడికి పోతుంది నాయనా?"

మోహిత్ యశశ్విని వైపు చూశాడు. యశశ్విని నేల వైపు చూసింది.

"బయటికి పోతుందమ్మా."

"బయట అంటే?"

"బయట అంటే... బయటేనమ్మా."

"బయట మేముండాము," అంది కుప్పమ్మ.

అతను గ్లాసు కొంచెం ముందుకు జరిపి, నిమ్మరసం తాగండి అన్నాడు. ఆ తర్వాత అన్న మాటే ఆమె కోపానికి కాళ్ళు తెచ్చింది. "మీరు చెప్పేది మాకు తెలియక కాదమ్మా. డిజైన్ చేసేటప్పుడే కంప్యూటర్‌లో చూశాం, ఏ నెలలో ఎంత ఎండ మీ వీధిలో పడుతుందో మొత్తం వచ్చింది. కానీ కాంపౌండ్ అవతలిది మా పరిధిలోకి రాదు."

తెలియక చేశారనుకుని వచ్చింది ఆమె. చెబితే అయ్యో అంటారని, ఏదో ఒకటి చేస్తారని వచ్చింది. తెలిసి, బొమ్మ గీసుకుని, చూసుకుని మరీ చేశారు! నిమ్మరసం ముట్టుకోకుండా లేచింది. బయటికి వస్తూ ఉంటే యశశ్విని వెంట వచ్చి, "అత్తా, నేను చేరకముందే కట్టేసినారు అత్తా," అంది. "నిన్నేమన్నా అన్నానా మే?" అని కసిరింది కుప్పమ్మ. ఆ కసురులో అనాల్సినదంతా ఉంది.

తర్వాత వీధివాళ్ళే ఉపాయం చేశారు. పచ్చిక అంచున గుంజలు పాతి పంచెలు, దుప్పట్లు తెరగా కట్టారు. రెండు రోజులు పాత నూలుతో మూరెడు మూరెడు పావు వేసి చూస్తే బాగానే ఆరింది. మూడో రోజు పొద్దున చూస్తే గుంజలు లేవు. పంచెలు మాత్రం ఎంతో బాగా మడిచి గేటు దగ్గర పెట్టారు. పర్యావరణానికి మేలు చేసే మేడ అని మార్కులు వేసి సర్టిఫికెట్ ఇచ్చే తనిఖీవాళ్ళు వస్తారట, మేడ ముందర గుడ్డలు వేలాడితే అసహ్యంగా ఉంటుందట, హరిత వలయంలో గోతులు తవ్వకూడదట. వీధిలో పాతుదామంటే బండ్లు పోయే దారి మిగలదు.

కుప్పమ్మ అర్జీ రాయించుకుని తిరువళ్ళూరు కలెక్టరాఫీసుకు పోయింది. అక్కడ ఆఫీసరు మర్యాదగానే మాట్లాడాడు. పక్కవాడి స్థలంలో చెత్త పోస్తే కేసు పెట్టొచ్చు, నీళ్ళు వదిలితే పెట్టొచ్చు, పొగ వదిలినా పెట్టొచ్చు, ఎండ వదిలితే ఏ సెక్షన్ కింద పెట్టాలో తనకు కూడా తెలియడం లేదని తల గోక్కున్నాడు. ఆ మనిషి నిజమే చెప్పాడు. తిరుగు రైల్లో ఆమెకు ఏడుపొచ్చింది. ఏడిస్తే పక్కనున్నవాళ్ళు ఏమైందని అడుగుతారు, ఎండ పడిందని చెబితే నవ్వుతారు. అందుకని ఏడవలేదు. దిగేదాకా పళ్ళు బిగించుకుని కూర్చుంది.

చివరి పావు ఎప్పుడు సాచాలో ఆమే తేల్చింది.

"తనిఖీకి వస్తారే, ఆ పొద్దునే," అంది.

పచ్చయ్యప్ప మొదటిసారి నవ్వకుండా చూశాడు. "మబ్బు పట్టే దినం చూసి ఏసుకుంటే పోలా? ఉండేది ఒక్క పావు."

"మబ్బు కోసరం దండం పెట్టుకుంటా కూచోవాల్నా? వాళ్ళ ఇంట్లో చలవకు మనం మబ్బుకు మొక్కుకోవాల్నా? వచ్చేవాళ్ళు చూడనీ. కండ్లుండేవాళ్ళు ఎవరన్నా ఒకరు చూడనీ."

తనిఖీకి ఒక పెద్దావిడ వచ్చింది చెన్నై నుంచి. నెరిసిన జుట్టు, కాటన్ చీర. ఏసీలు మొదలుకాకముందు మేడ ఎంత చల్లగా ఉంటుందో కొలవాలని పొద్దున్నే వచ్చేసింది. మోహిత్ పక్కన, యశశ్విని వెనక. అప్పటికే వీధిలో పావు సాచి ఉంది. గంజి పట్టించడం అయింది, కుప్పమ్మ, పచ్చయ్యప్ప కుంచె పట్టుకుని నడుస్తున్నారు. రెండో ఎండ వచ్చి పడింది. అతుక్కున్న పోగులను కుంచె లాగుతుంటే పుటుకు పుటుకుమని చప్పుడు. వీధివాళ్ళందరూ వంగి ముడులు వేస్తున్నారు. ఒకటి వేస్తే పక్కది తెగుతోంది.

ఆవిడ గేటు లోపలికి పోతున్నదల్లా ఆగింది. మోహిత్ ఏదో చెబుతున్నా వినకుండా వీధిలోకి నడిచి వచ్చింది.

"ఏమిటమ్మా ఇది?" అని తమిళంలో అడిగింది.

"పావు పరిచి ఉండగా ఈ పక్క వచ్చేవాళ్ళు ఒక ముడి వేసి పోవాలమ్మా, ఈ వీధి కట్టడి," అంది కుప్పమ్మ కూడా తమిళంలోనే. "వేయండి."

ఆవిడ నిజంగానే వంగింది. రెండు కొసలు పట్టుకుని ముడి వేసింది. బిగించగానే పోగు ఇంకో చోట తెగింది. మళ్ళీ వేసింది. మళ్ళీ తెగింది. ఆవిడ తల ఎత్తి అద్దాల గోడ వైపు చూడబోయి, చూడలేక చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముఖం మీద చెమట. కుప్పమ్మకు ఒక్కసారి ఆశ పుట్టింది. ఎవరో ఒకరు చూశారు కదా.

"నాకు అర్థమైందమ్మా," అంది ఆవిడ నెమ్మదిగా. "కానీ నేను కొలిచేది గోడ లోపలిది. కరెంటు, నీళ్ళు, గాలి, అన్నీ లోపలివే. గోడ బయటిది రాయడానికి నా కాగితంలో చోటు లేదు. పైవాళ్ళకు విడిగా ఒక మాట రాస్తాను."

"రాస్తే?"

ఆవిడ ముఖం మీది చెమట తుడుచుకుంది. అబద్ధం చెప్పనందుకు కుప్పమ్మ ఆవిడను మెచ్చుకోవాలేమో. మెచ్చుకోలేదు. ఆవిడ తిరిగి గేటు లోపలికి పోయింది. మోహిత్ ఆమెకు దారి చూపిస్తూ, వాతావరణం తేలిక చేయాలని కాబోలు, గట్టిగానే అన్నాడు. "మేడం, లాబీలో చూడండి. లోకల్ వీవర్స్‌ని మేం ఎంతగా గౌరవిస్తామో తెలుస్తుంది. ఆ ఫోటోకి కూడా మార్కులున్నాయి కదా?"

కుప్పమ్మ కుంచె పచ్చయ్యప్ప చేతిలో పెట్టి వాళ్ళ వెనకే నడిచింది. గంజి చేతులతో, నూనె మరకల చీరతో. గేటు మనిషి ఆపలేదు. ఆ ముఖం చూసి ఎవరూ ఆపరు.

లాబీలో ఎదురుగోడ మీద ఆ ఫోటో ఉంది. తలుపంత పెద్దది, మందపాటి అట్ట మీద అచ్చు వేసింది. మామిడి పండు రంగు చీరలో కుప్పమ్మ, చేతిలో కుంచె. ఎదురుగా నవ్వుతున్న పచ్చయ్యప్ప. వీధికి రెండు పక్కలా కానుగలు. పావు మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా చల్లటి, నల్లటి నీడ. పక్కన ఒక తెర మీద ఆ రోజు ఆదా అయిన కరెంటు అంకెలు పెరుగుతూ ఉన్నాయి. ఏసీ వేయకముందే లోపల అదే చల్లదనం.

ఆ నీడను చూస్తూ నిలబడింది. తర్వాత అంది, గట్టిగా కాదు, అందుకే అందరూ తిరిగి చూశారు.

"దాన్ని దించండి."

"అమ్మా, అది ఆఫీస్ ప్రాపర్టీ," అన్నాడు మోహిత్.

"ఏది నీ ప్రాపర్టీ? అందులో నేనుండాను. నా మొగుడుండాడు. మా తాతలు పెట్టిన చెట్లుండాయి. చెట్లు నరికేస్తిరి, నీడ తీసుకుంటిరి, మా పని నాశనం చేస్తిరి. ఇంగ ఆ బొమ్మ చూపించి మార్కులు కూడా ఏయించుకుంటారా? మమ్మల్ని సంపేసి మా ఫోటోకు మీరే పూలదండ ఏసుకుంటారా? సిగ్గు లేదా? దించండి!"

ఆమె ముందుకు పోయి అట్టను పట్టుకోబోయింది. సెక్యూరిటీ మనిషి అడుగు వేశాడు. వాళ్ళిద్దరి మధ్యకు యశశ్విని వచ్చి నిలబడింది.

"నువ్వు దించితే దొంగతనం అంటారత్తా," అంది. "నేను దించుతా."

కుర్చీ జరుపుకుని ఎక్కింది. మోహిత్ పేరు పెట్టి పిలిచాడు, రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాడు. ఆ పిల్ల వినిపించుకోలేదు. మేకు మీద నుంచి ఎత్తి ఫోటోను కిందికి దించింది. తనిఖీకి వచ్చిన పెద్దావిడ పెన్ను మూసి బ్యాగులో పెట్టుకుంది.

అత్తా కోడళ్ళ వరసైన ఆ ఇద్దరూ ఫోటోను చెరో పక్క పట్టుకుని వీధిలోకి మోసుకొచ్చారు. ఎక్కడ పెట్టాలో తెలియక, కుప్పమ్మ దాన్ని పావు పక్కనే, మేడ వైపున, వెదురు కాళ్ళకు ఆనించి నిలబెట్టింది. ఆయాసంతో రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నిలబడింది.

అప్పుడు చూసింది. ఫోటో నీడ పావు మీద పడింది. తలుపంత ఫోటో, తలుపంత నీడ. ఆ మేరకు పావు మీద రెండో ఎండ లేదు. పచ్చయ్యప్ప ఆ చోటికి వచ్చి, మళ్ళీ గంజి పట్టించి కుంచె ఆడించాడు. పోగులు విడివిడిగా, జుట్టు దువ్వినట్టు, తిన్నగా లేచాయి. ఒక్కటీ తెగలేదు. ఆ అట్ట దాటిన అంగుళం నుంచి మళ్ళీ పుటుకు పుటుకు.

వీధి వీధంతా ఆ ముక్క చుట్టూ చేరి చూసింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు. యశశ్విని ఆఫీసు కార్డు మెడలో ఉండగానే వంగి, అంచున తెగిన ఒక పోగుకు ముడి వేసింది.

పావు చెడిపోయింది. ఆ ముక్క తప్ప మొత్తం చెడిపోయింది. తిరుమలయ్య వచ్చి చూసి, ఎవరూ చూడకుండా కళ్ళు తుడుచుకుని, మిల్లు పావు బట్టకు మారిపోయాడు. అతని తప్పేం లేదు. ఇద్దరు మగ్గం విప్పారు. ఫోటో కోసం సెక్యూరిటీ మనిషి రెండుసార్లు వచ్చాడు. కుప్పమ్మను గుమ్మంలో చూసి రెండుసార్లూ వెనక్కి పోయాడు. ఆమె మాత్రం ఇప్పటికీ తెల్లవారుజామునే లేస్తుంది. మిగిలిన నూలుతో, ఆ ఫోటో ఎంత మేరకు నీడ ఇస్తుందో అంత పావు మాత్రమే సాచి గంజి పెడుతుంది. తువ్వాళ్ళకు కూడా చాలదు అది. ఎందుకే ఇది అని పచ్చయ్యప్ప అడగడు. ఎదురుగా నిలబడి కుంచె పట్టుకుంటాడు.

నెల తిరిగాక ఒక సాయంత్రం యశశ్విని వచ్చింది. ఆమెకు మెమో ఇచ్చి వేరే పనికి మార్చారు. అరుగు మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ చెప్పింది.

"అత్తా, సర్టిఫికెట్ వచ్చేసింది వాళ్ళకు. పెద్ద ర్యాంకు. ఫోటో ఉండే చోట, అదే మేకుకు తగిలించినారు."

కుప్పమ్మ తిట్టలేదు. కేకలు వెయ్యలేదు. చేతిలో కుంచె పీచును సరిచేసుకుంటూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు అడిగింది.

"ఎంత ఉంటుంది మే అది?"

యశశ్విని రెండు చేతులూ చాచి చూపించింది. పలక కన్నా కొంచెం పెద్దది.

"అంతేనా?" అంది కుప్పమ్మ. "అది తెచ్చి ఈడ నిలబెట్టినా జానెడు పావుకు నీడ రాదు గదే."